రాతినార చట్టమూ, రాయని చిట్టా

భీమునిపట్నంలో డచ్చి వర్తకుల సమాధులున్నవి. ఎన్నడో సముద్రం దాటి వచ్చి ఇక్కడ చచ్చిన వర్తకుని పేరూ, చనిపోయిన సంవత్సరమూ ఆ రాళ్లమీద నేటికీ చదువుకోవచ్చు. అదే తీరాన, ఓడల ఇంజను గదుల్లో దిగి గొట్టాలకు కట్లు కట్టిన కూలీ ఏయే ఏళ్లలో ఏ దుమ్ము పీల్చాడో చెప్పే కాగితం ఎక్కడున్నది?

1948లో విశాఖలో జల ఉష నీటిలోకి జారినప్పుడు దేశమంతా గర్వించింది, గర్వించదగినదే. కాని ఆ రోజుల్లో ప్రపంచంలో ఎక్కడ ఓడ కట్టినా, మరమ్మతు చేసినా, వేడి గొట్టాలకు ఆస్బెస్టాస్, అనగా రాతినార, చుట్టడం మామూలు. ఓడల్లో కొత్తగా దాన్ని వాడరాదని అంతర్జాతీయ నియమం సంపూర్ణంగా అమలైంది 2011 జనవరి 1 నుంచి మాత్రమే. ఓడను గురించి పాటలు కట్టిన మన కవులకు దాని కడుపులోని దుమ్ము కనబడలేదు!

చట్టం లేదా అంటే, లేకేమి? 1923 నాటి పరిహార చట్టం మూడో షెడ్యూలులో ఆస్బెస్టోసిస్‌కు చోటిచ్చారు. 1948 ఫాక్టరీల చట్టం 89వ సెక్షను ప్రకారం అటువంటి రోగిని చూసిన డాక్టరు ప్రధాన తనిఖీ అధికారికి తెలియపరచి తీరాలి. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతులు ఈ రెండు చట్టాలనూ మింగినా, వృత్తి వ్యాధుల పట్టికను వదులుకోలేదు.

అన్నిటికన్న పెద్దది 1995 జనవరి 27 నాటి సుప్రీంకోర్టు తీర్పు. అహమ్మదాబాదుకు చెందిన వినియోగదారుల విద్యా పరిశోధనా కేంద్రం వేసిన వ్యాజ్యంలో, కార్మికుని ఆరోగ్యం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమేనని కోర్టు చెప్పింది. వ్యాధి ధ్రువపడిన ప్రతి కార్మికునికీ లక్ష రూపాయలివ్వాలన్నది. ప్రతి కార్మికుని ఆరోగ్య చిట్టానూ ఉద్యోగంలో చేరింది మొదలు 40 ఏళ్లు గాని, మానిన తరువాత 15 ఏళ్లు గాని, ఏది ఎక్కువైతే అంతకాలం భద్రపరచాలన్నది.

మంచిదే. కాని ఆ ఆదేశం రాతినార పరిశ్రమలకు. గొట్టాలు చుట్టించే కాంట్రాక్టరు తనది రాతినార పరిశ్రమని ఎందుకొప్పుకుంటాడు? అతని మస్టరులో ఉన్నది కూలీ పేరు, వేలిముద్ర, రోజుకూలి. అంతే. 1923 చట్టం క్లెయిముకు రెండేళ్ల గడువు పెట్టింది. తగిన కారణం చూపితే కమిషనరు ఆలస్యాన్ని మన్నించవచ్చునన్నది. రాతినార మాత్రం ఇరవై, ముప్పై ఏళ్లు ఊపిరితిత్తుల్లో నిదానంగా కూర్చుంటుంది. తీరా ఆయాసం ముదిరి ఆసుపత్రికి పోతే క్షయ అని మందులిచ్చి పంపే ప్రమాదమూ ఉన్నది. రోగం పేరే తప్పయినప్పుడు ఏ షెడ్యూలు ఎవరికి అక్కరకొస్తుంది? “కోర్టులున్నవి గదా” అనే పెద్దమనుషులు ఈ ప్రశ్నకు జవాబు చెప్పరు.

వారి రెండో మాట, తెల్ల రాతినారను జాగ్రత్తగా వాడితే భయం లేదని. అన్ని రకాల రాతినారా క్యాన్సరు కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ పరిశోధనా సంస్థ తేల్చింది. మన పులివెందుల ప్రాంతంలోనూ ఈ గనులుండేవి. 1986లో కేంద్రం కొత్త గని లీజులివ్వవద్దని రాష్ట్రాలకు చెప్పింది. అయినా రష్యానుంచి నార దిగుతూనే ఉన్నది, రేకులు తయారవుతూనే ఉన్నవి. తవ్వడానికి పనికిరాని దుమ్ము పీల్చడానికి పనికివచ్చిందన్నమాట! ఇది విజ్ఞానశాస్త్రం కాదు, వ్యాపారం.

కనుక చట్టం పుస్తకం చేతికిచ్చి కార్మికుణ్ణి ఒంటరిగా సాగనంపడం దగా. ముందు చిట్టా కావాలి. భీమునిపట్నం, చిట్టివలస, విశాఖ పేటల్లోని విద్యార్థులూ ఉపాధ్యాయులూ ఈ పని చేయగలరు. ముసలి కార్మికుని దగ్గర కూర్చుని, ఏ యేడు, ఏ ఓడ, ఏ కాంట్రాక్టరు, ప్రక్కన పనిచేసినవారెవరు అని తేదీలతో సహా వ్రాయించి, సాక్షుల చేత సంతకాలు పెట్టించాలి. పాత ఎక్సురేలు పారవేయనివ్వరాదు. ప్రభుత్వ రంగ సంస్థలనుంచి మస్టర్లూ, సరకు కొనుగోలు కాగితాలూ 2005 సమాచార హక్కు చట్టం క్రింద అడగాలి. ఆ కాగితాలు లేవని జవాబు వస్తే, లేవన్న ఆ జవాబునే కమిషనరు ముందు పెట్టాలి.