పొదుగు వాస్తే పరుగెడతాం, ఇంటావిడ చూపు తగ్గితే "శుక్లాలు" అంటాం

ఈ రోజు పంట సంగతి కాదు. చదవడానికి ఇబ్బందిగా ఉన్నా చివరిదాకా చదవండి.

గేదె పొదుగు గట్టిపడితే ఆ పూటే డాక్టరుకి ఫోన్ కొడతాం. గులాబీ పురుగు ఉందేమోనని పత్తికాయలు చీల్చి మరీ చూస్తాం. అదే ఇంట్లో ఆడమనిషి రొమ్ములో గడ్డ ఉందంటే "నొప్పి లేదుగా, కోతలయ్యాక చూద్దాం" అంటాం. రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పే పెట్టదు. నొప్పి కోసం ఎదురుచూడ్డం ఏం తెలివి?

ఇంకోటి. ఆపరేషన్, కీమో అయిపోగానే పీడ పోయిందని ఫైలు బీరువాలో పడేస్తాం. కొన్నేళ్ళకి ఆమె "కన్ను మసగ్గా ఉంది" అంటే వయసు అంటాం, శుక్లాలు అంటాం, అద్దాల షాపుకి పంపుతాం. అక్కడే కొంప మునిగేది.

కంట్లో రెటీనా వెనక కొరాయిడ్ అనే పొర ఉంటుంది. దాన్నిండా రక్తనాళాలే. కాలవ నీళ్ళతో కొట్టుకొచ్చిన కలుపు విత్తనం మడిలో మొలిచినట్టు, రక్తంలో వచ్చిన క్యాన్సర్ కణాలు అక్కడ దిగుతాయి. ఆడవాళ్ళ కంట్లోకి వేరేచోట నుంచి పాకే క్యాన్సర్లలో రొమ్ముదే మొదటి స్థానం. చూపు మసకేయడం, మెరుపులు, నల్లచుక్కలు, గీతలు వంకరగా కనపడడం, ఒక పక్క తెర పడినట్టుండడం దాని గుర్తులు. పైకి కన్ను ఎర్రబడకపోవచ్చు, నొప్పీ ఉండకపోవచ్చు. కంటి నరానికి పాకడం అరుదు. పాకితే మాత్రం చూపు వేగంగా పడిపోవచ్చు. నరం చచ్చాక ఏ అద్దాలూ, ఏ శుక్లాల ఆపరేషనూ ఆ చూపు తేలేవు.

మసక చూపంతా క్యాన్సరని భయపెట్టడం లేదు. ఎక్కువమందికి శుక్లాలో, షుగరో, అద్దాల నంబరో ఉంటుంది. కానీ రొమ్ము క్యాన్సర్ వచ్చిన మనిషి ఆ మాట కంటి డాక్టరుకి చెప్పి తీరాలి. సిగ్గుపడి దాస్తే ఆయనకి అనుమానం ఎలా వస్తుంది? చెబితే చుక్కలమందు వేసి లోపలిదాకా చూస్తారు, స్కానింగ్ చేయిస్తారు, నరం మీద అనుమానముంటే ఎమ్మారై రాస్తారు.

"ఎలాగూ పాకింది, ఇంక డబ్బు దండగ" అనే పెద్దమనుషులకి ఒక మాట. ఆ దశలో జబ్బు పూర్తిగా పోవడం కష్టమే, ఒప్పుకుంటా. కానీ రేడియేషన్‌తో, మందులతో చాలామందికి చూపు నిలబెట్టొచ్చు. చూపుంటే తన అన్నం తను తింటుంది, మనవడి మొహం చూసుకుంటుంది. అది దండగా? ఎండిపోతుందని తెలిసిన చేనుకి కూడా ఆఖరి తడి పెట్టే జాతి మనది!

ఖర్చంటారా, ఆరోగ్యశ్రీలో క్యాన్సర్ వైద్యం ఉంది. ఆంధ్రాలో ఇప్పుడు దాన్నే ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. హైదరాబాదులో ఎంఎన్‌జే సర్కారు క్యాన్సర్ ఆసుపత్రి. 30 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళకి రొమ్ము పరీక్ష చేయాలని ప్రభుత్వ కార్యక్రమమే ఉంది. ఆశమ్మనో, ఏఎన్ఎమ్మునో అడగండి.

లైకులొద్దు. ఈ రాత్రి ఇంట్లో దీన్ని పైకి చదవండి. రొమ్ములో గడ్డ ఉందా, చూపులో తేడా ఉందా అని అడగండి. బీరువాలో పాత ఫైలుంటే బయటికి తీసి, కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు వెంట తీసుకెళ్ళండి.