రాయితో పాటు ఊరి పేరు

2023 జులై నుంచి నవంబరు వరకు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో 'ట్రీ అండ్ సర్పెంట్' పేరిట జరిగిన ప్రాచీన బౌద్ధ కళా ప్రదర్శనలో ఫణిగిరి సున్నపురాతి శిల్పాలు కొలువుదీరినప్పుడు, అమెరికాలోని తెలుగువారిలో ఎందరో తమ నేల శిల్పాలను తొలిసారి అక్కడే చూశారు. నేడు సూర్యాపేట జిల్లాలో ఉన్న ఫణిగిరి మొన్నటి వరకు నల్లగొండ జిల్లా గ్రామమే. నిజాం ప్రభుత్వపు పురావస్తు శాఖ 1940ల తొలినాళ్లలో ఆ కొండ మీద తవ్వకాలు జరిపింది. 2001 తర్వాత మళ్లీ సాగిన తవ్వకాల్లో స్తూపమూ విహారాలూ మాత్రమే కాక తోరణపు దూలాలు, అనగా స్తూప ప్రాంగణపు ద్వారం మీద అడ్డంగా నిలిపి బుద్ధుని కథలు చెక్కే రాతి పట్టెలు, బయటపడ్డాయి.

మ్యూజియం అనగానే అద్దాల పెట్టె గుర్తుకు రావడం సహజమే గాని, పురావస్తువుకు ప్రాణం పెట్టెలో కాక రిజిస్టరులో ఉంటుంది. వస్తువు ఏ ఊళ్లో, ఏ గుంతలో, ఎంత లోతున, వేటి పక్కన దొరికిందో రాసి ఉంచిన వివరమే దానిని చరిత్రగా నిలుపుతుంది. 2024లో ఫణిగిరిలోనే ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. ఒకవైపు ఏనుగు, మరోవైపు ఉజ్జయిని గుర్తు (కూడలిలా దాటుకునే గీతల నాలుగు కొసలకు వలయాలుండే చిహ్నం) ఉన్న ఈ ఇక్ష్వాకుల కాలపు నాణెం ఒక్కటే చేతికొస్తే దానికి సీసపు బిళ్లకున్నంత విలువే ఉండేదేమో. కుండతో సహా ఒక బౌద్ధారామంలో దొరికినందువల్లనే భిక్షువుల నివాసానికీ డబ్బు చలామణికీ గల సంబంధం గురించి ప్రశ్న వేయగలుగుతున్నాము.

దొరికిన చోటును రాసి ఉంచాలన్న ఈ నియమం విలువ కృష్ణాతీరానికి తెలిసినంతగా మరే ప్రాంతానికీ తెలియదు. నాగార్జునసాగర్ నీళ్లు రాకముందు, 1957లో నల్లగొండ జిల్లా ఏలేశ్వరంలో తవ్వకాలు మొదలుపెట్టిన అబ్దుల్ వహీద్ ఖాన్ 1963లో వాటిపై గ్రంథం ప్రచురించకపోయి ఉంటే, నేడు జలాశయం అడుగున ఉన్న ఆ ఊరి పొరలను చదివే దారి ఉండేది కాదు. శ్రీశైలం ముంపు వచ్చినప్పుడు తుంగభద్రా కృష్ణల సంగమాన ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. ముంపు గ్రామాల శిల్పాలు కొన్ని మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రి మర్రిచెట్టు పక్కన చేరాయి. గుడి తరలింది, విగ్రహం తరలింది, కాని ఆ గుడి ముందు జాతర ఎప్పుడు జరిగేదో, ఆ వీరగల్లును, అంటే పోరులో మరణించినవాని స్మారక శిలను, ఊరివారు ఏ పేరుతో పిలిచేవారో నమోదు చేయడం ఇంజనీర్ల పనిగా ఎవరూ భావించలేదు.

అలంపురంలో గడియారం రామకృష్ణ శర్మ, నల్లగొండలో బి.ఎన్. శాస్త్రి వంటివారు శాసనాల వెంట తిరిగి చేసిన సేకరణ అధికార శాఖల కృషికి అనుబంధం కాదు, చాలా చోట్ల దానికి పునాది. అలాగే, ముడుమాల్ గ్రామంలోని ప్రాచీన నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కిన వార్తకు ఎంతో ముందే, అక్కడి జనం వాటిని 'నిలురాళ్ల తిమ్మప్ప'గా కొలుస్తూ కదపకుండా కాపాడారు. అవి ఏ భవనంలోనూ పట్టవు, పట్టవలసిన అవసరమూ లేదు.

విదేశాల్లోని తెలుగువారు సొంత ఊళ్ల నుంచి పాత విగ్రహాలు తెచ్చుకోవాలని ఆశపడటం కొత్త కాదు. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన శిల్పాలను, డెబ్బై అయిదేళ్లు దాటిన విలువైన రాతప్రతులను వ్యక్తులు దేశం దాటించడం నేరం. వారు ఇవ్వగలిగినది వేరే ఉంది. ముంపు గ్రామాల కుటుంబాలు కొన్ని నేడు డాలస్‌లోనూ లండన్‌లోనూ ఉన్నాయి. వాటి ఆల్బములలో కూడవెల్లి గుడి మెట్ల మీద తీసిన పెళ్లి ఫొటోలు, పాత పట్టాలు, ఊరి దేవుని పేరుతో అచ్చయిన శుభలేఖలు ఉండవచ్చు. వాటిని స్కాన్ చేయించి, ఫొటోలో ఉన్నవారి పేర్లకన్నా ముందు ఊరి పేరు, గుడి పేరు, సంవత్సరం వెనుక రాసి పంపితే, ఊరు పోగొట్టుకున్న శిల్పం కింది పలకకు ఒక పంక్తి చేరుతుంది.