రోగం మాకు, రుజువు కూడా మేమే తేవాలా?

నాగార్జునసాగర్ నీళ్ల పక్కనే లంబాపురం, పెద్దగట్టు. చుట్టూ లంబాడీ తండాలు, గుట్టలు, చెలకలు. ఆ గుట్టల కింద యురేనియం ఉందని తేలిన నాటి నుంచి అక్కడి జనానికి కంటి మీద కునుకు లేదు. 1,300 ఎకరాలకు పైగా భూమి కావాలని, అందులో 1,100 ఎకరాలు యల్లాపురం రిజర్వు అడవేనని యురేనియం కార్పొరేషన్ కాగితాలు పెట్టింది. శుద్ధి కర్మాగారం మొదట మల్లాపురం దగ్గర కడతామన్నది. అక్కడి నుంచి అక్కంపల్లి జలాశయం నాలుగు కిలోమీటర్లు. హైదరాబాద్‌కు కృష్ణా నీళ్లు పోయేది అక్కంపల్లి నుంచే. లొల్లి మొదలయ్యేసరికి దేవరకొండ దిక్కు శేరిపల్లికి మార్చింది. 2003 ఆగస్టులో పెద్దగట్టులో ప్రజాభిప్రాయ సేకరణ పెడితే జనం వద్దన్నారు. 2005 మార్చిలో శేరిపల్లిలో పెడితే అక్కడా వద్దన్నారు.

ఇరవై ఏళ్ల నాటి ముచ్చట ఇప్పుడెందుకని అడగొచ్చు. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ ఒక ఆఫీసు మెమో ఇచ్చింది. అణు ఖనిజాల తవ్వకాలకు ఇకమీదట ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదట! చట్టం కాదు, పార్లమెంటులో చర్చ కాదు, ఒక మెమో. పెద్దగట్టు తండా మనిషి ఆనాడు మైకు ముందు నిలబడి "మాకొద్దు" అనగలిగిండు. రేపు ఆ మైకే ఉండదు. అందుకే ఈ ముచ్చట.

యురేనియం రాయి టన్ను పిండితే కిలో సరుకు కూడా రాదు. మిగిలినదంతా బురద చేసి గుంటలో పోస్తారు. రాయిలో ఉన్న రేడియోధార్మికతలో 85 శాతం దాకా ఆ బురదలోనే ఉండిపోతుంది. అందులోని రేడియం సగానికి తగ్గాలంటే 1,600 ఏళ్లు పడుతుంది. కాకతీయుల కోటలు కట్టి అంతకాలం కాలేదు. అన్నేళ్లు ఆ గుంటకు కాపలా కాసే కార్పొరేషన్ ఏదో మాకు చూపించండి.

రేడియం నుంచి రేడాన్ అనే వాయువు పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. గనిలో పీల్చినవాడికి ఊపిరితిత్తుల క్యాన్సర్ పదిహేనేళ్లకో ఇరవై ఏళ్లకో బయటపడుతుంది. నీళ్లలో కలిసిన యురేనియం మూత్రపిండాలను తింటుంది. రేడియాన్ని ఒళ్లు కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది. ఎముకల్లో పేరుకునే విషమంటే ఏమిటో నల్లగొండకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ఫ్లోరైడు నీళ్లు తాగి వంగిన నడుములు మన ఇళ్లలోనే ఉన్నాయి.

అసలు మెలిక ఇక్కడే ఉంది. రేపు పెద్దగట్టులో ఒక మనిషికి ఎముకలు నొస్తే, డాక్టరు ఏం రాస్తాడు? ఫ్లోరైడు అని రాస్తాడు. ఊపిరితిత్తులు చెడితే బీడీ అంటాడు. బిడ్డ వంకరగా పుడితే మేనరికం అంటాడు. రేడియేషన్ తన సంతకం పెట్టి పోదు. కోర్టేమో సంతకం చూపించమంటుంది.

ఇది మా ఊహ కాదు, జాదూగూడలో జరిగింది. జార్ఖండ్‌లోని ఆ ఆదివాసీ ప్రాంతంలో 1960ల నుంచి యురేనియం తీస్తున్నారు. బురద గుంటల చుట్టూ ఉన్న ఊళ్లలో అవకరాలతో పిల్లలు పుడుతున్నారని జనం మొత్తుకుంటే, సర్కారు వైద్యులు వచ్చి మలేరియా, పోషకాహార లోపం, జన్యులోపాలు అని తేల్చిపోయారు. వ్యవహారం సుప్రీంకోర్టుకు పోయింది. తగిన చర్యలన్నీ తీసుకున్నామని అణుశక్తి కమిషన్ ప్రమాణపత్రం ఇచ్చింది. 2004లో కేసు కొట్టేశారు. ఎవరి మీద ఫిర్యాదో వాళ్ల మాటే సాక్ష్యమైంది! 2007లో శాంతి కోసం పనిచేసే భారతీయ డాక్టర్ల సంఘం ఇల్లిల్లూ తిరిగి, దూరపు ఊళ్ల కంటే గని పక్క ఊళ్లలో పుట్టుక అవకరాలు ఎక్కువని లెక్క తీసింది. ఆ లెక్క ఏ తీర్పులోకి ఎక్కింది?

తవ్వేది అణుశక్తి శాఖ కింది సంస్థ. కొలిచేదీ ఆ శాఖ మనుషులే. 1983లో పెట్టిన అణుశక్తి నియంత్రణ బోర్డు ఆ శాఖ పెద్దలకే జవాబు చెప్పుకునేది. దానికి స్వతంత్రత లేదని 2012లో కాగ్ కూడా ఎత్తిచూపింది. తాగే నీళ్లలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబితే, మన బోర్డు 60 దాకా ఫర్వాలేదన్నది. మన మూత్రపిండాలు రెండింతలు గట్టివని ఎవరు పరీక్ష చేశారో! లెక్కలు అడిగితే 1962 నాటి అణుశక్తి చట్టం 18వ సెక్షన్ అడ్డం పెట్టేవాళ్లు. 2025 డిసెంబరులో ఆ చట్టాన్ని తీసేసి 'శాంతి' పేరుతో కొత్తది తెచ్చారు. బోర్డుకు చట్టబద్ధ హోదా ఇచ్చారు, మంచిదే. సమాచారం దాచే అధికారాన్ని మాత్రం కొత్త చట్టంలోనూ పదిలంగా ఉంచుకున్నారు.

అమెరికా ఏమీ ధర్మరాజు కాదు. నవాహో ఆదివాసీలతో దశాబ్దాలు యురేనియం తవ్వించి, వాళ్లు చచ్చినంక కళ్లు తెరిచింది. అయినా 1990లో ఒక చట్టం చేసింది. నిర్ణీత కాలం గనిలో పనిచేసి, నిర్ణీత రోగం వస్తే చాలు, లక్ష డాలర్ల పరిహారం. ఈ గని వల్లే ఈ రోగం వచ్చిందని కూలీ రుజువు చేయనక్కర్లేదు. 2024లో గడువు తీరిన ఆ చట్టాన్ని 2025లో మళ్లీ తెచ్చుకున్నారు. మన దగ్గర అలాంటిది లేదు. ఉన్నా పాలమూరు లేబర్‌కు ఏం ఒరుగుతుంది? దేశంలో సగం డ్యాములు కట్టిన మన కూలీల పేర్లు ఏ మస్టర్లో ఉన్నాయి?

ఇంత దూరం ఎందుకు, కడప జిల్లా తుమ్మలపల్లి చూడండి. 2007లో అప్పటి ముఖ్యమంత్రి తన సొంత నియోజకవర్గంలోనే శంకుస్థాపన చేశారు. 2012లో ఉత్పత్తి మొదలైంది. కొన్నేళ్లకే బోర్ల నీళ్లు మారాయని, అరటి తోటలు ఎండుతున్నాయని రైతులు రోడ్డెక్కారు. బురద గుంట అడుగున వేయాల్సిన పొర సరిగా లేదని 2018లో కాలుష్య నియంత్రణ మండలి నోటీసిచ్చింది. పులివెందుల రైతుకే దిక్కులేకపోతే పెద్దగట్టు లంబాడీ ఎవరికి చెప్పుకోవాలి?

పరాయి పాలకులను తిట్టి చేతులు దులుపుకునే వీలు కూడా మనకు లేదు. అమ్రాబాద్ పులుల అడవిలో యురేనియం అన్వేషణకు 2016లో సరే అన్నది మన తెలంగాణ వన్యప్రాణి మండలే. 2019 మేలో కేంద్ర అటవీ సలహా కమిటీ 83 చదరపు కిలోమీటర్లకు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. చెంచులు, విద్యార్థులు, కవులు, సినిమావాళ్లు కూడా కదిలినంక 2019 సెప్టెంబరు 16న మన శాసనసభ ఏకగ్రీవంగా వద్దని తీర్మానించింది. సంతోషం. కానీ అణు ఖనిజాలు రాజ్యాంగంలో కేంద్ర జాబితా 6వ అంశం. తీర్మానం కేంద్రాన్ని కట్టిపడేయదు. సమత తీర్పు షెడ్యూల్డు ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలను ఆపింది గానీ సర్కారీ సంస్థకు దారి వదిలింది. అమ్రాబాద్ చెంచులకు పెసా చట్టం, గ్రామసభ అయినా ఉన్నాయి. నల్లగొండలో షెడ్యూల్డు ప్రాంతమే లేదు. పెద్దగట్టు తండాకు ఆ ఆసరా కూడా లేదు.

గని ఇంకా మొదలు కాలేదు. మనకున్న అదను ఇదొక్కటే. తవ్వకముందు ఒంట్లో, నీళ్లలో ఏముందో రాసి ఉంటేనే, తవ్వినంక ఏం మారిందో ఎవడైనా చెప్పగలడు. ఆ మొదటి లెక్క వాళ్ల దగ్గర కాదు, మన దగ్గర ఉండాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్‌లో ఇప్పుడు సర్కారు మెడికల్ కాలేజీలున్నాయి. అక్కడి విద్యార్థులు తండాలకు, చెంచు పెంటలకు పోవాలి. పుట్టుకలు, చావులు, క్యాన్సర్లు, ఫ్లోరోసిస్ కేసులు ఇంటివారీగా రాయాలి. బోర్ల నీళ్లు ఒకటికి రెండు ల్యాబుల్లో పరీక్ష చేయించాలి. రెవెన్యూ, పంచాయతీ ఉద్యోగులు ఆగిపోయిన అటవీ హక్కుల దరఖాస్తులను బయటికి తీయాలి. పట్టా చేతిలో ఉన్నవాడి "వద్దు"కు 2013 నియమగిరి తీర్పు అండగా నిలుస్తుంది. జంట నగరాల్లోని ఉద్యోగ సంఘాలు తమ నల్లా నీళ్లు ఏ గుట్టల పక్క నుంచి వస్తున్నాయో ఒక్కసారి పోయి చూసి రావాలి. పుట్టంగండి దాకా బస్సు వేసుకుని పోయొస్తే ఒక్క ఆదివారం పడుతుంది.