సామాన్ల దగ్గర ఎవరుంటారు?

మాది కొత్తూరు. శంషాబాదు దాటి బెంగుళూరు రోడ్డు మీద వస్తుంది. 2008లో విమానాశ్రయం మా పక్కకు వచ్చింది గాని, సముద్రం మాత్రం రాలేదు! దాన్ని చూడాలంటే విశాఖకో, బాపట్ల దగ్గరి సూర్యలంకకో రైలెక్కాల్సిందే. కాలేజీ విహారయాత్ర అంటే మా వైపు విద్యార్థులకు అంత మోజు అందుకే.

అయితే ఒడ్డు చేరగానే ఒక ప్రశ్న పుడుతుంది: "సామాన్ల దగ్గర ఎవరుంటారు?" ఫోన్లు, పర్సులు, వాచీలు, అమ్మ తన మెడలోంచి తీసి వేసి పంపిన గొలుసు, అన్నీ ఒక దుప్పటి మీద పోగవుతాయి. జవాబు ముందే తయారుగా ఉంటుంది. ఈత రానివాడో, మారుబట్టలు తెచ్చుకోనివాడో, నోట్లో నాలుక లేని అమ్మాయో! "నువ్వెట్లాగూ నీళ్లలోకి రావు గదా, జర ఇక్కడ కూసో" అంటాం. అందరితో సమానంగా డబ్బు కట్టిన మనిషి సముద్రాన్ని దూరం నుంచి చూసి తిరిగొస్తాడు. పైగా ఏదైనా పోతే అందరి చూపులూ అతని మీదే! పోయిన ఫోను మళ్లీ కొనుక్కోవచ్చు. అనుమానించిన స్నేహితుడి ముఖం మళ్లీ ఎట్లా చూడటం?

వస్తువుల భద్రత అంటే తాళంకప్పల సంగతి అనుకుంటాం. నా దృష్టిలో అది ముందుగా న్యాయానికి సంబంధించిన సంగతి.

మొదట బరువు తగ్గించుకోవాలి. బంగారం ఇంట్లోనే ఉంచి రావాలి. అసలు సర్టిఫికెట్లు మోసుకుపోనక్కరలేదు. డిజిలాకర్‌లో జారీ అయిన పత్రాలు అసలు పత్రాలతో సమానమని 2016 నాటి నిబంధనలే చెబుతున్నాయి. డబ్బంతా ఒకే పర్సులో పెట్టకూడదు.

రెండవది, ఎక్కడైనా సామాను అప్పగిస్తే రసీదు తీసుకోవాలి. భద్రపరచడానికి తీసుకున్నవారు దాన్ని తమ సొంత వస్తువులా చూసుకోవాలన్నది 1872 నాటి కాంట్రాక్టు చట్టం. 'పోతే మాకు సంబంధం లేదు' అని రాసుకున్నంత మాత్రాన నిర్లక్ష్యం మాఫీ కాదని, ఒక హోటల్లో అప్పగించిన కారు పోయిన కేసులో 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. కాని రైల్లో మన దగ్గరే ఉంచుకున్న సంచి పోతే, రైల్వే సిబ్బంది తప్పు రుజువైతే తప్ప రైల్వే బాధ్యత వహించదు. బెర్తు కింద గొలుసు వేసుకోవడం మన పనే.

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు కాకుండా, బయలుదేరే ముందే ఫోను ఐ.ఎం.ఇ.ఐ. నంబరు నోటుబుక్కులో రాసుకోవాలి. ఫోను పోతే వెంటనే సిమ్ము ఆపించి, బ్యాంకుకు చెప్పి, పోలీసులకు ఫిర్యాదు చేసి, సంచార్ సాథీ ద్వారా ఫోన్ను పనిచేయకుండా చేయించవచ్చు. ఖాతాలోంచి డబ్బు కాజేస్తే 1930కి ఫోన్ చేయాలి. రైలు టైమయిందని ఫిర్యాదు మానుకోనక్కరలేదు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న కొత్త చట్టం ప్రకారం దొంగతనం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఎఫ్.ఐ.ఆర్. ఇవ్వవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యమైనది కాపలా వంతు. యాత్ర నోటీసుతో పాటే అరగంట చొప్పున పేర్ల జాబితా వేయాలని మన విద్యార్థి సంఘాన్ని కోరుతున్నాను. అందులో ఆడపిల్లలు, మగపిల్లలు, యూనియన్ నాయకులు, వెంట వచ్చే లెక్చరర్లు అందరూ ఉండాలి. ఇద్దరిద్దరు చొప్పున కూర్చుంటే ఒకరి మీద అనుమానం రాదు, ఒకరికి పొద్దు పోకపోవడమూ ఉండదు.

వచ్చే యాత్రకు ఆ జాబితాలో మొదటి పేరు నాదే రాయండి.