మౌంటు నాది, దాని భాష మాత్రం వాళ్లదట!

2025 సంక్రాంతికి హైదరాబాదు నుంచి మా వేంపల్లెకు ఒక టెలిస్కోపు మోసుకెళ్లాను. మోసుకెళ్లాను అంటే నిజంగానే మోశాను. గొట్టం కంటే దాని కింద తిరిగే యంత్రమే, అదే మౌంటు, ఎక్కువ బరువు. నలుగురు మిత్రులం చందాలేసుకుని సెకండ్ హ్యాండులో కొన్నాం. చేతిలో పట్టుకుని నడిపే రిమోటు దాంతో రాలేదు. ల్యాప్‌టాప్‌తోనే నడపాలి. హైదరాబాదులో మా అపార్ట్‌మెంటు పైన బాగానే నడిచింది.

కనుమ రోజు సాయంత్రం మిద్దె మీద వీధిలో పిల్లలంతా, వాళ్ల వెనక మా జేజి. ఆకాశంలో గురుడు నడినెత్తి మీదికి వస్తున్నాడు, పడమర శుక్రుడు, శని. ఇంతకన్నా మంచి రోజు దొరకదు. ల్యాప్‌టాప్ తెరిచాను. ప్రయాణానికి ముందు రోజు విండోస్ తనంతట తాను అప్‌డేట్ అయి కూర్చుంది. మౌంటు డ్రైవరు లోడు కాలేదు. ఎన్నిసార్లు వేసినా అదే ఎర్ర గుర్తు.

"ఏమైంది అబ్బీ?" అంది జేజి.

"డ్రైవరు రాలేదు జేజీ."

"యాన్నుంచి రావాల నాయనా, కడప నుంచా?"

సరే, బిగింపులు వదులుచేసి గొట్టాన్ని చేత్తోనే గురుడి మీదికి తిప్పాను. కానీ భూమి ఆగదు కదా! నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున ఆకాశం జరిగిపోతూ ఉంటుంది. నా కంటికటకంలో కనిపించేది డిగ్రీలో మూడో వంతు. అంటే నిమిషమున్నర లోపలే గురుడు ఈ అంచు నుంచి ఆ అంచుకు పోతాడు. జేజి మెట్లెక్కి, కళ్లజోడు సర్దుకుని, ఒంగి చూసేసరికి ఖాళీ. "చుక్క యాడికి పాయ?" అంది. రెండుసార్లు చూసి, నడుము నొప్పని కిందికి దిగిపోయింది.

పండగయ్యాక కంపెనీకి ఉత్తరం రాశాను (పేరెందుకు లెండి, ఒక్కరి జబ్బు కాదిది). జవాబు మర్యాదగానే వచ్చింది. ఆ మోడలు ఆపేశారట, కొత్త విండోస్‌కు డ్రైవరు చెయ్యరట, కొత్త మౌంటు కొనుక్కోమన్నారు. "పోనీ, మౌంటుకు పంపాల్సిన ఆదేశాల జాబితా ఇవ్వండి, డ్రైవరు నేనే రాసుకుంటాను" అన్నాను. అది కంపెనీ రహస్యం అన్నారు.

నా కడుపుమంట ఇక్కడే మొదలైంది. ఇనుము నాది, మోటార్లు నావి, డబ్బు నాది. వాటితో మాట్లాడే భాష మాత్రం నాకు చెప్పరు!

మా ఊళ్లో బోరు మోటారు కాలిపోతే వైండింగు షాపుకు పట్టుకెళ్తారు. ఆయన మోటారు విప్పి, కాలిన తీగ లాగి, ఎన్ని చుట్లు, ఏ గేజి అని లెక్కపెట్టుకుని మళ్లీ చుడతాడు. మరుసటి రోజు చీనీ తోటకు నీళ్లు పారతాయి. ఆ మోటారు చేసిన కంపెనీ ఉందా మూతబడిందా అన్నది ఆయనకు అక్కర్లేదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాదులో నిజామియా వేధశాల పెట్టి 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపు తెప్పించిన కాలంలో మౌంట్లను గడియారపు చక్రాలు తిప్పేవి. పనితెలిసినవాడు మూత తీస్తే ఏ పన్ను ఏ పన్నును తోస్తుందో కంటికి కనబడేది. నూట పాతికేళ్ల తర్వాత నా మౌంటు మూత తీస్తే ఒక నల్లటి చిప్పు కనబడుతుంది. దాన్ని ఎంతసేపు చూసినా ఏమీ చెప్పదు.

"మా డ్రైవరు విండోస్, మాక్, లినక్సు మూడింటి మీదా నడుస్తుంది, ఇంకేం కావాలి?" అనే కంపెనీలున్నాయి. మంచిదే. కానీ ఆ మాట వాళ్లు కంపైల్ చేసిపెట్టినన్నాళ్లే చెల్లుతుంది. రేపు ఇంకో ప్రాసెసరు వస్తుంది, ఇంకో విండోస్ వస్తుంది, కంపెనీలో ఆ పని చూసే ఇంజనీరు ఉద్యోగం మారతాడు. (మారతాడండీ, మనం మారట్లేదా?) మూడు వేదికల మీద నడవడం వేరు, తాళంచెవి మన చేతిలో ఉండడం వేరు.

ఆస్కామ్ సంగతి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. 1998లో ఇది మొదలవకముందు ప్రతి ఆకాశ సాఫ్టువేరూ ప్రతి మౌంటుకూ విడిగా డ్రైవరు రాసుకోవాల్సి వచ్చేది. అందరికీ ఒకే పద్ధతి పెట్టి ఆ గోల తీర్చింది ఆస్కామే. చాలా ఏళ్లు విండోస్‌కే కట్టుబడి ఉన్నా, తర్వాత వచ్చిన ఆల్పాకాతో నెట్‌వర్కు మీదుగా ఏ కంప్యూటరు నుంచైనా మాట్లాడొచ్చు. కానీ ఆస్కామ్ చెప్పేది పైనున్న సాఫ్టువేరుకూ డ్రైవరుకూ మధ్య భాష గురించి. డ్రైవరుకూ మౌంటుకూ మధ్య జరిగేది కంపెనీ మూసిపెడితే ఆస్కామ్ ఏం చేస్తుంది? మేడ మీద కిటికీలన్నీ తెరిచి కింద వీధి తలుపుకు తాళం వేసినట్టు.

ఇండీ అనేది రెండో దారి. డ్రైవర్లు మూలకోడుతో సహా అందరికీ కనబడతాయి. మౌంటుకు తగిలించిన చిన్న రాస్‌ప్‌బెర్రీ పై మీద ఇండీ సర్వరు నడుస్తుంది, మనం ఇంట్లో కూర్చుని ఏ కంప్యూటరు నుంచైనా కేస్టార్స్‌తో దాన్ని నడపొచ్చు. మన ఊళ్లవాళ్లకు ఇందులో ఒక ప్రత్యేకమైన లాభం ఉంది. మౌంటు సరిగ్గా నడవాలంటే దాని ఇరుసు ఆకాశపు ఉత్తర ధ్రువం వైపు ఉండాలి. సూచనల పుస్తకాలు చాలావరకు "ధ్రువ నక్షత్రాన్ని చూడండి" అని మొదలుపెడతాయి. వేంపల్లెలో ధ్రువుడు క్షితిజం మీద దాదాపు 14 డిగ్రీలే. చెయ్యి చాపి చూస్తే పిడికిలిన్నర ఎత్తు. మా మిద్దె మీద నుంచి అక్కడ కనబడేది పక్కింటి వేపచెట్టు! కేస్టార్స్‌లో ఉన్న ఎకోస్ మౌంటును కొంచెం కొంచెం తిప్పి మూడు ఫొటోలు తీసి, నక్షత్రాలను పోల్చి ఇరుసు ఎటుందో లెక్కగడుతుంది. ధ్రువుడు కనబడాల్సిన పని లేదు. మన అక్షాంశంలో ఏదైనా తేడా వస్తే ఆ కోడు తెరిచి మనమే దిద్దొచ్చు. మూసిన సాఫ్టువేరులో వేపచెట్టునే కొట్టెయ్యాలి.

"కంపెనీ ఖర్చుపెట్టి చేసింది ఊరికే ఇమ్మంటావా?" అంటారు. నేనడిగేది వాళ్ల కోడు కాదు, ఆదేశాల జాబితా. మీడ్ అనే అమెరికా కంపెనీ 1992లో ఎల్ఎక్స్200 తెచ్చింది. దాని సీరియల్ ఆదేశాలను బయటపెట్టింది. కోలన్, జీ, ఆర్, హ్యాష్, ఈ నాలుగు అక్షరాలు పంపితే టెలిస్కోపు తాను ఎటు చూస్తోందో ఒక అంకె చెబుతుంది. ఆ జాబితా బయటపెట్టి మీడ్ నష్టపోలేదు, పైగా ఇతర కంపెనీలు కూడా అదే భాష పట్టుకున్నాయి. 2013లో మీడ్ చేతులు మారింది, 2019 డిసెంబరులో దివాలాకు వెళ్లింది, 2021లో ఓరియన్ కొనుక్కుంది, 2024లో ఓరియన్ కూడా మూతబడింది. కంపెనీలు పోయాయి. ముప్పై ఏళ్ల నాటి ఎల్ఎక్స్200 మాత్రం మోటార్లు బాగుంటే ఈరోజుకీ ఇండీ డ్రైవరుతో నడుస్తుంది.

"ఓపెన్ డ్రైవరు తప్పు చేసి గొట్టాన్ని స్టాండుకు కొట్టిస్తే?" నిజమే, జరుగుతుంది. కంపెనీ డ్రైవర్లతోనూ జరుగుతుంది. తేడా ఏమిటంటే, ఓపెన్ డ్రైవరులో ఏ వరుసలో తప్పుందో చూసి దిద్దొచ్చు. కస్టమర్ కేర్‌కు ఫోను చేసి పాట వింటూ కూర్చోనక్కర్లేదు.

2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. వ్యవసాయ పనిముట్లు, సెల్‌ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు అని నాలుగు రంగాలు తీసుకున్నారు. టెలిస్కోపులు అందులో లేవు, ఉంటాయని ఆశా లేదు. కాబట్టి మనం చెయ్యగలిగింది మనమే చెయ్యాలి. కొనేముందు ఒక్క ప్రశ్న అడగండి: "దీని ఆదేశాల జాబితా ప్రచురించారా?" లేదంటే కొనకండి. స్కూలుకో కాలేజీకో కొనిపిస్తుంటే మరీ ముఖ్యం. బళ్లో వస్తువు పదిహేనేళ్లు ఉండాలి, కంపెనీవాడి ఓపిక మూడేళ్లకే అయిపోతుంది. మా పక్కనే ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో అంతమంది పిల్లలున్నారు. ఫైనలియర్ ప్రాజెక్టుకు మళ్లీ అదే లైబ్రరీ మేనేజ్‌మెంటు సిస్టమ్ ఎందుకు? ఒక అనాథ మౌంటుకు డ్రైవరు రాయండి!

నా సంగతంటారా? మిత్రుడి దగ్గర పాత విండోస్ ల్యాప్‌టాప్ ఒకటి దొరికింది. కంపెనీ డ్రైవరు మౌంటుతో ఏం మాట్లాడుతోందో కేబులు మధ్యలో కూర్చుని విన్నాను. మూడు శని, ఆదివారాలకు పదకొండు ఆదేశాలు తేలాయి. వాటితో ఇండీ డ్రైవరు ఒకటి రాశాను. ఇంకా కుంటుతోంది. పార్కింగు పని చెయ్యదు, కొన్నిసార్లు తూర్పు అంటే పడమరకు పోతుంది. కానీ నక్షత్రం వెంట తిరుగుతుంది, నాకు ముందు కావాల్సింది అదే.

ఉగాదికి మళ్లీ వెళ్లాను. జేజిని కుర్చీలో కూర్చోబెట్టి గొట్టం ఆమె ఎత్తుకు దించాను. గురుడు కదలకుండా నిలబడ్డాడు. పక్కన నాలుగు చిన్న చుక్కలు లెక్కపెట్టింది. చాలాసేపు చూసి, "డ్రైవరు వచ్చినాడా?" అంది.

వచ్చాడు జేజీ. కాకపోతే వాడి కోసం మూడు వారాలు దొంగలా తీగ దగ్గర చెవి పెట్టి వినాల్సి వచ్చింది. వాళ్లు రెండు పేజీల కాగితం ఇచ్చి ఉంటే, కనుమ నాడే చూసేదానివి.