పత్రమూ, సాక్షీ

అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు దానిని వ్రాసి పెట్టుకోవలసిందిగా ఆదేశించే వాక్యం దివ్య ఖుర్ఆన్ వాక్యాలన్నింటిలోనూ దీర్ఘమైనది (అల్ బఖర: 282). ఆ ఆజ్ఞ వ్రాయమనడంతో ముగియలేదు. బాకీ ఉన్నవాడే చెప్పి వ్రాయించాలి. సాక్షులుండాలి. పిలిచినప్పుడు వారు రానని అనరాదు. వ్రాసినవానికి గానీ, సాక్షికి గానీ హాని తలపెట్టరాదు. పత్రం ఎంత అవసరమో, దాని పక్షాన నిలిచే మనిషి కూడా అంతే అవసరమన్నమాట.

రాజ్యాంగం గురించి మా పై తరగతి విద్యార్థులు అడిగే ప్రశ్నకు ఈ వాక్యం గుర్తుకు వస్తుంది. చట్టం చేసేదీ, పోలీసులనూ ఖజానానూ చేతిలో ఉంచుకునేదీ ప్రభుత్వమే అయినప్పుడు, ఒక పుస్తకం దాని చేయి ఎలా పట్టుకోగలదని వారి సందేహం. సందేహం సమంజసమైనదే. జవాబు మాత్రం మన గోదావరి ఒడ్డునే దొరుకుతుంది.

పాల్వంచ, ఇల్లెందు, భద్రాచలం ప్రాంతాల పాఠకులకు ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అనే మాట కొత్త కాదు. రాజ్యాంగంలోని ఐదవ షెడ్యూలు గవర్నరుకు ఇచ్చిన అధికారంతో 1959లో వెలువడి, 1970లో మరింత కట్టుదిట్టమైన భూబదలాయింపు నిబంధన అది. షెడ్యూల్డు ప్రాంతంలోని భూమిని ఏ ‘వ్యక్తి’ అయినా గిరిజనులకో, గిరిజనుల సహకార సంఘానికో తప్ప మరొకరికి బదలాయిస్తే అది చెల్లదు. అమ్మేవాడు గిరిజనుడు కాకపోయినా అంతే. ఈ నిబంధన మీద మనవారు విసుక్కోవడం నేనెరుగుదును. కానీ అది మనల్ని మాత్రమే కట్టివేసిందనుకోవడం పొరపాటు.

విశాఖ ఏజెన్సీలోని అనంతగిరి మండలంలో ప్రభుత్వం గనుల తవ్వకానికి గిరిజనేతరులకు లీజులిచ్చింది. ‘సమత’ అనే స్వచ్ఛంద సంస్థ దానిని ప్రశ్నించింది. నిబంధన పౌరులకే గానీ తనకు వర్తించదని, ‘వ్యక్తి’ అన్న మాటలోకి తాను రానని ప్రభుత్వం వాదించింది. హైకోర్టులో సంస్థ ఓడిపోయింది. సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1997 జూలై 11న ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు, జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ ఎస్. సగీర్ అహ్మద్, ‘వ్యక్తి’ అంటే ప్రభుత్వం కూడానని తేల్చారు. షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమినైనా సరే గిరిజనేతరులకు లీజుకివ్వరాదన్నారు. మూడవ న్యాయమూర్తి అంగీకరించలేదు. ఒక్క మాట అర్థం మీద, ఒక్క న్యాయమూర్తి ఆధిక్యంతో ప్రభుత్వం చేయి ఆగింది. 1970 నుండీ ఆ మాట అక్కడే ఉంది. సాక్షి లేచి నిలబడేవరకు అది ఎవరినీ ఆపలేదు.

అన్నిసార్లూ ఇలా జరగదు. పోలవరం ముంపు కారణంగా ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలుపుతూ 2014 మే 29న ఆర్డినెన్సు వచ్చింది. అప్పటికి తెలంగాణ ఏర్పడడానికి నాలుగు రోజులుంది. జూలైలో పార్లమెంటు దానిని చట్టం చేసింది. రాష్ట్రాల సరిహద్దులు మార్చేముందు శాసనసభ అభిప్రాయం అడగాలని మూడవ అధికరణం చెబుతుంది, ఆ అభిప్రాయాన్ని పాటించి తీరాలని చెప్పదు. పత్రంలో అడగమని మాత్రమే ఉంటే, హద్దు కూడా అంతవరకే. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది, దానిని ఆనుకుని ఉన్న ఎటపాక ఆంధ్రలోకి వెళ్ళింది. కోయలకు, కొండరెడ్లకు గ్రామసభ హక్కులిచ్చిన 1996 నాటి పెసా చట్టం ఉండనే ఉంది. అది కూడా ఈ గీతను ఆపలేదు.

ఇక మనసుకు కష్టం కలిగించే సంగతి. ఏజెన్సీ పాఠశాలల ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే చెందాలని 2000 జనవరిలో వెలువడిన 3వ నంబరు జీవోను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టివేసింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవారిని కొనసాగనిచ్చింది. ఐదవ షెడ్యూలు క్రింద గవర్నరుకున్న అధికారం కూడా ప్రాథమిక హక్కులకు లోబడినదేనని ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. మైదానం నుండి వచ్చే ఉపాధ్యాయులు బడికి రాకపోవడాన్ని సరిదిద్దడానికే ఆ జీవో పుట్టింది. పిల్లవాడి భాష తెలిసిన గురువు విలువ బోధనలో ఉన్న నాకు తెలుసు కనుక, ఆ ఫలితం నాకు నచ్చలేదు. అయినా గనుల విషయంలో ప్రభుత్వాన్ని ఆపిన అధికారమే ఇక్కడా ఆపింది. నచ్చినచోట ఆ అధికారం ఉండాలని, నచ్చనిచోట ఉండరాదని నేను అనలేను.

ఏజెన్సీలో స్థలం కొనవచ్చునా అని మన సోదరులు అడుగుతూ ఉంటారు. కోయ సోదరుని పేరు మీద కాగితం వ్రాయించి, డబ్బూ అనుభవమూ తమవిగా ఉంచుకునే పద్ధతి కొందరికి అలవాటే. ప్రభుత్వానికి చెల్లని బదలాయింపు మనకు ఎలా చెల్లుతుంది? పైగా అందులో డబ్బు ఎవరిదో సాక్షికి తెలుసు, కాగితం మాత్రం మరొకటి చెబుతుంది. అలాంటి కాగితం మీద నేను సాక్షి సంతకం చేయను. అడిగినవారికీ అదే చెబుతున్నాను.