ఆలస్యం అమృతమా, విషమా?

మార్పు రాసినవాడు పనిమంతుడు, దాన్ని ఆపినవాడు పనికిమాలినవాడు. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేచోట చెలామణీ అయ్యే సూత్రం ఇది. దీనితో నాకు పేచీ వుంది.

డిస్కు అంటే ఒక పెద్ద సత్రం అనుకోండి. దాన్నిండా ఒకే కొలత గదులు. ఒక్కో గదిలో సాధారణంగా 4096 బైట్లు పడతాయి. వాటినే బ్లాకులంటారు. మీ మనవరాలి ఫోటో అయినా, చీటీపాట లెక్కలయినా మకాం ఆ గదుల్లోనే. ఎవరికి ఏ గదో తేల్చే గుమాస్తా పేరు ఫైల్‌సిస్టం. ఆ గుమాస్తా పద్ధతి మారుస్తామని ఎవరైనా కోడ్ పట్టుకొస్తే, వరస వరసా చదివి అవుననో కాదనో చెప్పే మనిషి రివ్యూయరు. ఈ కాలంలో అందరికీ లోకువైన మనిషి ఆయనే.

"వేగం పెరిగింది కదండీ, ఇంకా ఏం చూస్తారు?" అంటారు. వేగం సంగతే చూద్దాం. పాత యూనిక్స్ ఫైల్‌సిస్టం కొత్త డిస్కు మీద సెకనుకి 175 కిలోబైట్లు అందించేది. కొన్ని వారాలు వాడేసరికి గదులు చెల్లాచెదరై అది 30కి దిగజారేది. దాన్ని తిరగరాసిన బర్క్‌లీ వాళ్ళు 1984లో ఈ లెక్క అచ్చువేశారు. ఖాళీ డిస్కు మీద చూపించే వేగం కొత్తల్లుడికి జరిగే మర్యాదలాంటిది. నాలుగు పండగలు పోయాక చూడాలి.

అంతకన్నా పెద్ద కథ లినక్స్‌ది. 2008 డిసెంబరులో ఈఎక్స్‌టీ4 అనే ఫైల్‌సిస్టం వాడకానికి సిద్ధమన్నారు. అందులో విశేషం ఆలస్యపు కేటాయింపు. పెళ్ళివారు ఒక్కొక్కరే దిగుతుంటే దొరికిన గది ఇచ్చేస్తే, పెళ్ళికొడుకు ఒక మూల, సన్నాయివాళ్ళు ఒక మూల తేలతారు. కాస్త ఆగి మొత్తం ఎంతమందో చూసుకుంటే అందరికీ వరసగా గదులు దొరుకుతాయి. చక్కటి ఆలోచనే. కాదనను.

కానీ 2009 మొదటి నెలల్లో కొందరి కంప్యూటర్లు హఠాత్తుగా ఆగిపోయాయి. మళ్ళీ తెరిచి చూసుకుంటే ఫైళ్ళ పేర్లున్నాయి, పరిమాణం సున్నా! పేరుమార్పు అయిదారు సెకన్లలో రిజిస్టరు కెక్కింది. లోపలి సరుకుకి గది ఇవ్వడం మాత్రం అరనిమిషమో, ఇంకా ఎక్కువో వాయిదా పడింది. ఆ మధ్యలో సిస్టం కూలింది. పాతవాణ్ణి ఖాళీ చేయించారు, కొత్తవాడు వీధిలో నిలబడ్డాడు.

దీనికి వచ్చిన సమాధానం వినండి. పోసిక్స్ అనే నియమావళి ప్రకారం ఇది తప్పు కాదట! "ఇప్పుడే డిస్కు కెక్కించు" అనే ఎఫ్‌సింక్ ఆజ్ఞ ఇవ్వని ప్రోగ్రాములదే తప్పట! అయ్యా, దీని అన్నగారు ఈఎక్స్‌టీ3 హయాంలో ఆ ఆజ్ఞ ఇస్తే ఏమయ్యేది? ఒక్క మూట దింపమంటే బండెడు మూటలూ దిగిందాకా కదిలేది కాదు. 2008లో ఫైర్‌ఫాక్స్ 3 ఆ ఆజ్ఞని శ్రద్ధగా వాడి, బిగుసుకుపోతోందని మాటపడింది. వాడితే తంటా, వాడకపోతే తప్పు. ఇదెక్కడి న్యాయం?

నియమావళిని చూపించి వాదించిన థియొడోర్ త్సోయే మరమ్మతు కూడా రాశారు. అది ఆయన పెద్దరికం. పాత ఫైలు స్థానంలోకి కొత్తది వస్తుంటే దానికి వెంటనే గది ఇచ్చేయాలన్నది ఆ మరమ్మతు. 2009 జూన్‌లో వచ్చిన లినక్స్ 2.6.30లో అది చేరింది. అయితే, ఈలోపు పోయిన ఫైళ్ళు పోయినట్టే.

అందుకే అంటున్నాను, గదుల పంపకం మార్చే కోడ్ చదివేవాడు ప్రతి వరస దగ్గరా ఆగాలి. "సరిగ్గా ఇక్కడ కరెంటు పోతే డిస్కు మీద ఏం మిగులుతుంది? డిస్కు నిండబోతుంటే ఏమవుతుంది? ఇన్నాళ్ళ అలవాటుని నమ్ముకున్నవాళ్ళ గతేమిటి?" అని అడగాలి. జవాబు వచ్చేదాకా సంతకం పెట్టకూడదు. అది అడ్డుపుల్ల వెయ్యడం కాదు, కాపలా కాయడం.

వేగం తగ్గితే రేపు పెంచుకోవచ్చు. సున్నా అయిన ఫైలుని ఏ నియమావళీ తెచ్చివ్వదు. కేటాయింపులో ఆలస్యం అమృతమో విషమో తేలాలంటే, సంతకంలో కాస్త ఆలస్యం తప్పదు మరి!